ఈ ఇంట్లో ఫలానా రచయిత నివసించారు: గోడకు స్మారక ఫలకం పెట్టే పద్ధతి

ఒక రచయిత పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది గాని, ఆ పుస్తకాన్ని రాసిన గది మాత్రం లోకంలో ఒక్కచోటే ఉంటుంది. ఆ గది ఉన్న ఇల్లు ఇంకా నిలబడే ఉండి, దాని ముందు నుంచి రోజూ నడిచి వెళ్లేవారికి ఆ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇంటిని కొని మ్యూజియంగా మార్చడం అందరి వల్లా అయ్యే పని కాదు. అడుగున్నర వెడల్పు ఫలకాన్ని గోడకు బిగించడం మాత్రం నలుగురైదుగురు పాఠకులు శ్రద్ధగా పూనుకుంటే అయ్యే పనే. కాకపోతే బిగించడానికి ఒక పూట చాలు గాని, దానికి ముందు చేయవలసిన పని నెలల తరబడి ఉంటుంది. ఫలకాన్ని నేను ఒక వాంగ్మూలంగా చూస్తాను. ఫలానా మనిషి, ఫలానా ఏళ్లలో, ఈ గోడల మధ్య బతికారని దారిన పోయే ప్రతి ఒక్కరికీ చెప్పే మాట అది. అందుకే ఆ మాటలో మనకు రుజువున్న దానికంటే ఒక్క అక్షరం కూడా ఎక్కువ ఉండకూడదన్నదే ఈ వ్యాసంలో అడుగడుగునా పాటించిన నియమం.

ఇళ్లకు ఇలా ఫలకాలు పెట్టే ఆలోచన 1863లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విలియం యూవర్ట్ సభలో చేసిన ప్రతిపాదనతో లండన్‌లో రూపు దిద్దుకున్నది. సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ 1866లో ఆ పనిని చేపట్టి, మరుసటి ఏడాది హోలిస్ స్ట్రీట్‌లో కవి లార్డ్ బైరన్ పుట్టిన ఇంటికి మొదటి ఫలకం పెట్టింది. ఆ ఇంటిని 1889లో కూల్చివేశారు. ఫలకం ఉన్నంత మాత్రాన ఇంటికి చట్టపరమైన రక్షణ రాదన్న పాఠం మొదటి ఫలకంతోనే తెలిసివచ్చింది. 1986 నుంచి ఆ పథకాన్ని నడుపుతున్న ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ కొన్ని నియమాలు పెట్టుకున్నది. వ్యక్తి మరణించి కనీసం 20 ఏళ్లు గడిచి ఉండాలి. ఆయన చూస్తే గుర్తుపట్టగలిగే రూపంలో ఇంటి ముఖభాగం మిగిలి ఉండాలి. ఫలకం బాట మీద నడిచేవారికి కనిపించాలి. ఒకసారి తిరస్కరించిన పేరును పదేళ్ల దాకా మళ్లీ పరిశీలించరు. మనం ఎక్కడ పనిచేసినా ఈ నియమాలను అక్షరాలా పాటించనక్కరలేదు గాని, 20 ఏళ్ల గడువులో ఎంతో వివేకం ఉందని నా అభిప్రాయం. మనిషి పోయిన మరునాటి దుఃఖంలోనో, ఉత్సాహంలోనో రాసిన మాటలు రాతి మీద ఎక్కువకాలం నిలవవు.

ఇల్లు అదేనని తేల్చుకోవడం

మొదటి పని డబ్బు కంటే ఓపికను ఎక్కువగా అడుగుతుంది. "ఆయన ఆ ఇంట్లోనే ఉండేవారట" అని పెద్దలు చెప్పిన మాటతో వెతుకులాట మొదలుపెట్టవచ్చు గాని, దానితో ముగించకూడదు. ఆ కాలంలోనే పుట్టిన కాగితం ఏదైనా ఒకటి ఆ చిరునామాను, ఆ మనిషిని, ఆ సంవత్సరాన్ని కలిపి చూపించాలి. ఉత్తరాల పైన రచయిత స్వయంగా రాసుకున్న చిరునామా, కవరు మీది తపాలా ముద్ర, ఇంటి పన్ను దస్త్రాలు, ఓటర్ల జాబితాలు, జనాభా లెక్కల పత్రాలు, ఆస్తి దస్తావేజులు, ప్రచురణకర్తతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు, పత్రికలో వ్యాసం కింద అచ్చయిన చిరునామా, ఇవన్నీ పనికివచ్చేవే. వీటిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే మాట చెప్పినప్పుడు దానిని రుజువుగా తీసుకోవచ్చు. ఒక జీవిత చరిత్రలో ఉన్న వాక్యాన్నే మూడు పుస్తకాలు ఎత్తి రాసుకుంటే అది మూడు ఆధారాలు కాదు, ఒక్కటే.

అందరూ జారిపడే చోటు ఇంటి నంబరు. ఊళ్లు పెరిగిన కొద్దీ వీధుల పేర్లు, తలుపు నంబర్లు మారిపోతూ ఉంటాయి, కాబట్టి వందేళ్ల నాటి ఉత్తరం మీద ఉన్న నంబరు పట్టుకుని ఇవాళ్టి వీధిలోకి వెళితే పరాయి ఇంటి ముందు నిలబడతాం. నాటకకర్త ఆస్కార్ వైల్డ్ లండన్‌లో కాపురమున్న ఇల్లు ఆయన కాలంలో 16, టైట్ స్ట్రీట్. అదే ఇల్లు ఇప్పుడు 34వ నంబరు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1954లో ఫలకాన్ని ఆ 34వ నంబరు ఇంటికే పెట్టారు. నంబర్లు మారిన సంవత్సరం ఏదో తెలుసుకోవాలంటే స్థానిక సంస్థ దగ్గరున్న పాత పటాలను, మార్పుకు ముందు వెనుకల పన్ను దస్త్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ రెండు దస్త్రాల్లోనూ మారకుండా ఉన్న గుర్తు ఒకటి, అంటే మూలమీది ఇల్లో, పక్కనున్న గుడో, బడో పట్టుకుని అక్కడి నుంచి ఇళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ రావాలి. ఈ లెక్కను ఇద్దరు విడివిడిగా చేసి, తరువాత సరిచూసుకోవడం మేలు.

తేదీల సంగతి కూడా ఇలాంటిదే. రచయిత తన గురించి తాను చెప్పుకున్నదే అయినా ఆ మాటను పత్రంతో పోల్చి చూడాలి. వైల్డ్ ఉదాహరణే ఇక్కడా పనికివస్తుంది. 1895లో కోర్టు బోనులో ఆయన తన వయసు ముప్ఫై తొమ్మిదని చెప్పగా, ఎదుటి న్యాయవాది ఎడ్వర్డ్ కార్సన్ ఆయన పుట్టినది 1854లో అని గుర్తుచేసి, నలభై నిండాయని ఒప్పించారు. ఇక రష్యా వంటి దేశాల రచయితల విషయంలో పంచాంగమే తేడాగా ఉంటుంది. టాల్‌స్టాయ్ పుట్టిన తేదీ పాత లెక్కలో 1828 ఆగస్టు 28, ఇప్పటి లెక్కలో సెప్టెంబరు 9. ఫలకం మీద తేదీలకు బదులు సంవత్సరాలు మాత్రమే వేయడం మంచిదని నేను చెప్పడానికి ఇది ఒక కారణం. తేదీ చదివేవారికి అంతగా ఉపయోగపడదు, తప్పు దొర్లడానికి మాత్రం చోటిస్తుంది.

ఒకే రచయిత నాలుగైదు ఇళ్లలో ఉండి ఉంటే ఏ ఇంటిని ఎంచుకోవాలన్నది రుజువులతో తేలే విషయం కాదు, వివేకంతో తేల్చుకోవలసినది. కవయిత్రి సిల్వియా ప్లాత్ 1963లో మరణించిన ఇల్లు లండన్‌లో 23, ఫిట్జ్‌రాయ్ రోడ్. కవి యేట్స్ చిన్నతనంలో ఉన్న ఇల్లు కావడంతో దానికి ఆయన పేరిట ఫలకం ఉన్నది. ప్లాత్ పేరిట ఫలకాన్ని 2000లో ఆ ఇంటికి కాక, ఆమె 1960, 61లలో సంసారం చేస్తూ రచన సాగించిన 3, చాల్కాట్ స్క్వేర్‌లో పెట్టారు. ఆమె బతికిన చోటును గుర్తుచేసుకోవడమే సబబన్న ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది. ఎంపికలో నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ముఖ్యమైన రచన ఎక్కడ జరిగింది? ఎక్కువకాలం ఎక్కడ గడిచింది? ఏ ఇల్లు అప్పటి రూపంతో మిగిలింది? ఏ గోడ బాటసారికి కనిపిస్తుంది? నాలుగింటికీ ఒకే ఇల్లు జవాబుగా వస్తే అదృష్టమే. రాకపోతే నేను మొదటి ప్రశ్నకే ఎక్కువ విలువనిస్తాను.

అనుమతులు

ఇంటి యజమాని అంగీకారం రాతపూర్వకంగా ఉండాలి. యజమానులు పలువురైతే అందరి సంతకాలూ కావాలి. అపార్టుమెంటయితే నివాసుల సంఘం తీర్మానం తీసుకోవాలి. అద్దెకున్నవారికి ముందుగా చెప్పడం మర్యాద, ఎందుకంటే కిటికీ కింద నిలబడి ఫొటోలు తీసుకునేవారి మధ్య ఉండవలసింది వారే. ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటే గోడకు ఒక్క రంధ్రం వేయడానికైనా సంబంధిత అధికారుల అనుమతి ముందుగా కావాలి. రచయిత వారసులు జీవించి ఉంటే ముసాయిదా వారికి చూపించాలి. వారి దగ్గర పెట్టెల్లో ఉన్న కాగితాలు ఒక్కోసారి మన నెలల పరిశోధనను ఒక్క సాయంత్రంలో సరిదిద్దుతాయి.

యజమానితో చేసుకునే ఒప్పందం ఒక పేజీకి మించనక్కరలేదు గాని, అందులో మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి. ఫలకం ఎవరి సొత్తు? దాని బాగోగులు ఎవరు చూస్తారు? ఇల్లు చేతులు మారినా, కూల్చవలసి వచ్చినా దానిని ఎవరు విప్పి ఎక్కడికి చేరుస్తారు? మంచి స్నేహంతో ఉన్నప్పుడే ఈ మాటలు రాసుకోవాలి. తరువాతి తరం యజమానికి మన స్నేహం తెలియదు, ఆ కాగితం ఒక్కటే తెలుస్తుంది.

ఫలకం మీది మాట

నా దృష్టిలో మొత్తం పనికి గుండెకాయ ఈ భాగమే. ఫలకానికి కావలసినవి నాలుగే: పేరు, జనన మరణ సంవత్సరాలు, ఆయన ఎవరో చెప్పే ఒక మాట, ఈ ఇంటితో సంబంధం. మొత్తం పదిహేను ఇరవై పదాలు దాటకూడదు. లండన్‌లో హాంప్‌స్టెడ్ దగ్గర వేల్ ఆఫ్ హెల్త్ అనే చోట ఒక ఇంటి మీద 1961లో పెట్టిన ఫలకం దీనికి చక్కని నమూనా. రవీంద్రనాథ్ టాగోర్ అన్న పేరు, 1861–1941 అన్న సంవత్సరాలు, భారతీయ కవి అన్న మాట, 1912లో ఇక్కడ బస చేశారన్న వాక్యం, అంతే. ఆ మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిన సంగతి ఆ ఫలకం ఎత్తలేదు. అంతకంటే గమనించవలసినది క్రియాపదం. అక్కడ "నివసించారు" అని రాయలేదు, "బస చేశారు" అని రాశారు, ఎందుకంటే ఆయన కొద్దికాలం మాత్రమే ఉన్నారు.

మన భాషలో ఈ క్రియాపదాలకు కొరత లేదు. పుట్టారు, పెరిగారు, నివసించారు, కాపురమున్నారు, బస చేశారు, అద్దెకున్నారు, కన్నుమూశారు, ఇలా ప్రతి మాటకూ దాని పరిధి ఉన్నది. మూడు నెలలున్న ఇంటికి "నివసించారు" అని రాయడం అబద్ధం కాకపోవచ్చు గాని, చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. ఫలానా నవల ఈ ఇంట్లోనే రాశారని చెప్పాలంటే, ఆ నవల రాసిన కాలంలో ఆయన ఇక్కడున్నారన్న లెక్క ఒక్కటే సరిపోదు. ఇక్కడే రాశారని చెప్పే ఉత్తరమో, డైరీయో ఉండాలి. అది లేనప్పుడు "1921 నుంచి 1934 వరకు ఈ ఇంట్లో నివసించారు" అన్న తరహాలో ఉన్న కాలాన్ని చెప్పి ఊరుకుంటే, రచనల సంవత్సరాలు తెలిసిన పాఠకుడు మిగిలినది తానే కలుపుకుంటాడు. మొదలో, చివరో సంవత్సరం తేలకపోతే తేలినంతవరకే చెప్పాలి. "1920ల్లో" అని రాయడం వల్ల ఫలకానికి పరువు తక్కువ కాదు.

విశేషణాలను దయచేసి దూరంగా ఉంచండి. మహాకవి, సాహితీ సమ్రాట్, యుగపురుషుడు వంటి మాటలు సభలో గొంతు నిండుగా పలికితే బాగుంటాయి. గోడ మీద అవి చోటును తినేసి, పేరును చిన్నది చేస్తాయి. "నవలా రచయిత్రి", "కవి, పాత్రికేయుడు" అంటే చాలు. కలం పేరుతో ప్రసిద్ధులైనవారికి కలం పేరునే పెద్ద అక్షరాల్లో వేసి, అసలు పేరును దాని కింద చిన్నగా వేయాలి. జార్జ్ ఎలియట్ ఇంటి ముందు నిలబడిన పాఠకుడికి మేరీ ఆన్ ఎవాన్స్ అన్న పేరు ముందుగా కనిపిస్తే ఇది ఎవరి ఇల్లో పోల్చుకోలేడు. దాతల పేర్లు, ఆవిష్కరించినవారి పేరు, వేదిక మీది అతిథుల వరుస ఫలకం మీదికి రానివ్వకూడదు. ఏర్పాటు చేసిన సంస్థ పేరును అడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో, ఒక్క వరుసలో వేస్తే సరిపోతుంది. రచయిత పేరు కంటే ఆవిష్కర్త పేరు పెద్దగా ఉన్న రాయిని చూసినప్పుడు నాకు కలిగే కోపం అంతా ఇంతా కాదు. ఇక సెల్‌ఫోనుతో చదివే క్యూఆర్ కోడు చెక్కించాలని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కోడు చూపే వెబ్ చిరునామా కొన్నేళ్లలో మూతపడవచ్చు, రాయి మాత్రం అలాగే ఉంటుంది. కావాలంటే దానిని విడిగా, తేలికగా మార్చుకోగల చిన్న బిళ్ల మీద వేసుకోవచ్చు.

తెలుగులో చెక్కించేటప్పుడు లిపికి సంబంధించిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మన అక్షరాలకు పైన గుణింతాలు, కింద వత్తులు ఉంటాయి, పైగా "స్త్రీ", "రాష్ట్ర" వంటి మాటల్లో వత్తు కింద వత్తు వేలాడుతుంది. కాబట్టి ఇంగ్లిష్ ఫలకానికి సరిపోయిన వరుసల ఎడం ఇక్కడ చాలదు, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. థ, ధ అక్షరాల తేడా ఒక్క చుక్కలో ఉన్నది. చెక్కిన గాడిలో రంగు నింపినప్పుడు ఆ చుక్క పూడిపోతే మాటే మారిపోతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంప్యూటరులో ఉన్నది. చెక్కే యంత్రానికి మాటలు పంపే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తెలుగు యూనికోడ్‌ను సరిగా కలపలేవు, "క్ష" ఉండవలసిన చోట పొల్లుతో "క్‌ష" అని విడదీసి చూపిస్తాయి. అందుకని మాటలను టైపు చేసిన ఫైలుగా కాక, అక్షరాలను గీతలుగా మార్చిన బొమ్మగా లేదా పీడీఎఫ్‌గా పంపాలి. చెక్కే ముందు వారి తెర మీద ఎలా కనిపిస్తున్నదో అసలు కొలతలో అచ్చు తీయించి తెప్పించుకోవాలి.

ఆ అచ్చును దిద్దే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది. ముసాయిదాతో పరిచయమే లేని ఒకరి చేత పైకి చదివించాలి, మరొకరు ఆధార పత్రాలు పట్టుకుని వినాలి. సంవత్సరాలను "పద్దెనిమిది వందల అరవై" అని కాక "ఒకటి, ఎనిమిది, ఆరు, సున్నా" అని అంకె అంకెగా చదవాలి. తరువాత చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదవాలి. అర్థం తెలియకుండా చదివినప్పుడే కన్ను అక్షరాన్ని చూస్తుంది, లేకపోతే ఉండవలసినదాన్ని ఊహించుకుని దాటిపోతుంది. నేను పాల్గొన్న ఒక ఫలకం విషయంలో చివరి సవరణను ఫోనులో చెప్పాం. మరణ సంవత్సరంలో ఒక అంకె మారిపోయిన సంగతి రాయి తయారై వచ్చాక, దాని మీది దుమ్ము తుడిచినప్పుడు బయటపడింది. రాతి మీద అంకెను చెరపడం కుదరదు. ఆ ముఖాన్నంతా అరగదీసి మళ్లీ చెక్కవలసి వచ్చింది. అప్పటి నుంచి సంతకం చేసిన కాగితం లేకుండా ఒక్క చుక్క కూడా మార్చనివ్వను.

అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో చూడడానికి ఒక మోటు లెక్క ఉన్నది. చదివే మనిషికీ గోడకూ మధ్య ప్రతి 3 మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్ల అక్షరం ఎత్తు ఉంటే హాయిగా చదవవచ్చు. తెలుగులో ఈ కొలతను గుణింతం, వత్తు వదిలేసి అక్షరం ఒడలికి మాత్రమే వర్తింపజేయాలి. లెక్క కంటే నమ్మకమైనది కంటితో చూసుకోవడం. అసలు కొలతలో తీసిన అచ్చును అట్టకు అంటించి, గోడ మీద అనుకున్న ఎత్తులో ఇద్దరు పట్టుకోగా, మూడోవారు బాటకు అవతలి అంచున నిలబడి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చదవాలి. చెట్టు నీడ ఎక్కడ పడుతున్నదో, ఎండ ఏ వేళ మెరిసి అక్షరాలను మింగేస్తున్నదో, తెరిచిన కిటికీ రెక్క ఏ మాటను కప్పేస్తున్నదో అప్పుడే తెలుస్తుంది.

దేనితో చేయించాలి

లండన్ ఫలకాలు పింగాణీవి. వ్యాసం 495 మిల్లీమీటర్లు, మందం 50 మిల్లీమీటర్లు. ముఖం మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండడం వల్ల వాన నీరే దుమ్మును కడుక్కుపోతుంది. ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ నీలి ఫలకం రూపం 1938లో ఒక విద్యార్థి గీసినది. అందుకు నాలుగు గినీలు ఇచ్చారని నమోదైంది గాని, ఆ విద్యార్థి పేరు నమోదు కాలేదు. పింగాణీ రంగు వెలవదు, కాని దెబ్బ తగిలితే పగులుతుంది కనుక చేతికందని ఎత్తులో ఉండాలి. నల్ల గ్రానైటులో లోతుగా చెక్కిన అక్షరాలు తరాల తరబడి ఉంటాయి. వాటిలో నింపిన రంగు మాత్రం వెలుస్తుంది కాబట్టి రంగు పోయినా నీడతోనే చదవగలిగేంత లోతు అడగాలి. పాలరాయి చూడ్డానికి అందంగా ఉన్నా ఆరుబయట దానికి ఓటు వేయను, వాననీటిలోని ఆమ్లానికి దాని అక్షరాల అంచులు కరిగిపోతాయి. కంచు గంభీరంగా ఉంటుంది, కాని దాని నుంచి కారే పచ్చని చిలుము కింది గోడను మరక చేస్తుంది, తూకానికి అమ్ముకునే దొంగల కన్ను కూడా దానిమీద పడుతుంది. ఇత్తడి రేకును తోమిన కొద్దీ అక్షరాలు అరిగిపోతాయి. ఇనుప రేకు మీద ఎనామెల్ బాగానే ఉంటుంది గాని, ఒక్క మూల పెచ్చు ఊడితే అక్కడి నుంచి తుప్పు లోపలికి పాకుతుంది.

బరువు ముందే లెక్క వేసుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైటు పలక దాదాపు 14 నుంచి 15 కిలోలు తూగుతుంది. మందం 3 సెంటీమీటర్లయితే 22 కిలోలకు చేరుతుంది. అది మనుషుల తలల మీద వేలాడే బరువన్న సంగతి మరచిపోకూడదు.

గోడకు బిగించడం

ఫలకం తయారు కాకముందే గోడను చదవాలి. అనుకున్న చోట ఇటుకల వరుసల మధ్య ఎడం కొలిచి, మరల రంధ్రాలు ఇటుకల మధ్యనున్న గచ్చు మీదికి వచ్చేలా ఫలకంలో రంధ్రాల చోటును నిర్ణయించి తయారీదారుకు చెప్పాలి. పాత ఇటుకకు, పాత రాతికి పడిన రంధ్రం మళ్లీ పూడదు. గచ్చులో పడిన రంధ్రాన్ని ఎప్పుడైనా పూడ్చుకోవచ్చు. గోడ పైపూత ఉన్నదైతే పట్టు పూతలో కాదు, దాని వెనుకనున్న కట్టుబడిలో దొరకాలి. వట్టి జిగురుతో అంటించిన ఫలకం ఏదో ఒక వానాకాలంలో పూతతో సహా ఊడి వస్తుంది. లోపల కరెంటు తీగలు, నీళ్ల గొట్టాలు ఉన్నాయేమో చూసుకున్నాకే డ్రిల్లు ముట్టుకోవాలి.

రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు సుత్తిపోటును ఆపేసి, తిరుగుడు మీదనే మెల్లగా నడపాలి. ఆ సమయంలో కారే పొడిని అరచేతిలో పట్టి చూడడం మంచి అలవాటు. తెల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య రాసుకుంటే ముగ్గులా ఉంటే అది సున్నపు గచ్చు. బూడిద రంగులో గరగరలాడితే ఎవరో ఎప్పుడో సిమెంటుతో మరమ్మతు చేశారన్నమాట. ఎర్రగా మారితే డ్రిల్లు పక్కకు జరిగి ఇటుకను తింటున్నది, వెంటనే ఆపాలి. 60, 70 మిల్లీమీటర్ల లోతు వచ్చాక రంధ్రంలోని పొడినంతా ఊది, బ్రష్‌తో తీసివేసి, ప్లగ్గు దింపాలి. పొడి మిగిలితే ప్లగ్గు పట్టు చిక్కక మర వట్టిగా తిరుగుతుంది.

మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి గాని, కంచు ఫలకమైతే కంచు లేదా ఇత్తడివి గాని కావాలి. సముద్రం దగ్గరైతే 316 రకం స్టీలు అడగాలి. మామూలు ఇనుప మర అయితే తుప్పు పట్టి, ఆ తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి, లోపలి నుంచే రాయిని పగలగొడుతుంది. పగుళ్లు పడి గోధుమ రంగు కారికలు దిగిన పాత ఫలకాలు చాలావాటిలో జరిగింది ఇదే. ఫలకానికీ గోడకూ మధ్య 5 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చిన్న బిళ్లలు పెడితే వెనుక గాలి ఆడి తడి ఆరుతుంది. ఫలకంలోని రంధ్రాలు మర కంటే కొద్దిగా వెడల్పుగా ఉండి, మధ్యలో నైలాన్ వాషర్ ఉంటే ఎండకు వ్యాకోచించినా రాయి పగలదు. మరను చేతికి గట్టి తగలగానే ఆపాలి. ఇంకొక్క చుట్టు తిప్పుదామన్న ఉత్సాహంలోనే పింగాణీ, పలచని రాయి మూలల్లో చిట్లుతాయి. పైఅంచును మూయవలసి వస్తే మూయండి గాని, కింది అంచు తెరిచే ఉంచాలి, లోపలికి దిగిన నీటికి దారి కావాలి కదా. గోడలో పూడ్చి అమర్చే ఫలకమైతే పాత కట్టడంలో సిమెంటు వాడకూడదు. సున్నపు గచ్చు తడిని పీల్చి వదులుతుంది, సిమెంటు దానిని లోపలే బంధించి చుట్టూ ఉన్న మెత్తని ఇటుకను ఉప్పు పేరుకునేలా చేసి పొడిపొడిగా రాల్చేస్తుంది.

ఆ తరువాత

ఆవిష్కరణకు ఒకరోజు ముందే ఫలకం బిగించి, గుడ్డ కప్పి ఉంచాలి. తెర లాగినప్పుడు మర మూలకు తట్టుకోకుండా ఒకసారి లాగి చూసుకోవాలి. సభ ఎలా నడపాలన్నది ఎవరి ఇష్టం వారిది. రచయిత రాసిన ఒక పేజీని ఆ ఇంటి ముందు పైకి చదివితే మాత్రం తప్పక బాగుంటుంది.

ఏడాదికి ఒకసారి మెత్తని బ్రష్, మంచినీళ్లు, అవసరమైతే కొద్దిగా సబ్బు, ఇవి చాలు. ఆమ్లం, ఇసుక, తీగల బ్రష్ దగ్గరికి రానివ్వకూడదు. కంచుకు పలచగా మైనం పూస్తే చిలుము ఆలస్యంగా పడుతుంది. శుభ్రం చేసిన రోజునే ఒకే చోట నిలబడి ఫొటో తీసి దాచితే, పగులు ఎప్పుడు మొదలైందో తరువాత తెలుస్తుంది. గోడకు రంగులు వేసేవారు ఫలకాన్ని కూడా కలిపి పూసేయడం మామూలుగా జరిగే నష్టం కనుక, రంగులు వేయించే ముందు ఒక మాట చెప్పమని యజమానిని కోరాలి.

ఆధార పత్రాల నకళ్లు, అనుమతులు, ఒప్పందం, ఫలకం కొలతలు, వాడిన మరల రకం, మరమ్మతు వివరాలు ఒక దస్త్రంగా కట్టి ఒక ప్రతిని గ్రంథాలయంలో ఉంచాలి. ఏదో ఒకనాడు ఆ ఇంటిని కూల్చవలసి వస్తే, ఫలకాన్ని ముందుగా విప్పి, ఒప్పందంలో రాసుకున్న చోటికే చేర్చాలి. ఆ చోట లేచిన కొత్త భవనానికి దానినే తిరిగి బిగిద్దామని అందరికీ అనిపిస్తుంది గాని, "ఈ ఇంట్లో" అన్న మాట అప్పటికి నిజం కాదు. కొత్త గోడకు కొత్త ఫలకం చేయించి, దాని మీద "ఈ స్థలంలో ఉండిన ఇంట్లో" అని మొదలుపెట్టి, ఆ ఇల్లు ఏ సంవత్సరం వరకు నిలిచిందో కూడా చెక్కించాలి.